కథకులు – స్వదోష పరిమార్జనము

(మన సంఘ వార్షిక మహాసభ సాహిత్యగోష్ఠియందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ మహాసభయందు విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, సహకార సంఘములను గూర్చియు పెద్దలు విపులముగా మాటలాడియున్నారు. వారి విషయములవలె ప్రత్యక్ష ప్రయోజనము కలుగజేయు విషయము నాయొద్ద లేదు. ఉద్యోగమున్నంతకాలము పిల్లలకు శబ్దమంజరియు రఘువంశమును చెప్పి, ఇప్పుడు పింఛను పుచ్చుకొనుచున్న పంతులను. అయినను మన యువకులలో పలువురు కథలు వ్రాయుచున్నారనియు, ఈ సంచికకు ప్రతిసంవత్సరమును అనేక కథలు వచ్చుచున్నవనియు, వానిని చదివి మంచిచెడ్డలు చెప్పవలసినదనియు కార్యదర్శిగారు నన్ను కోరిరి. చదివితిని. చదువుచుండగా వారి దోషములకంటె నా దోషములే నాకు ఎక్కువగా జ్ఞప్తికి వచ్చినవి. కావున ఎవరి కథనో విమర్శించుట మాని, కథకుడు తన దురభ్యాసములను తానెట్లు జయింపవలెనను విషయమును గూర్చి నాలుగు మాటలు మనవిచేసెదను.

దోషములను గూర్చి మన ఆలంకారికులు చెప్పనిది లేదు. మమ్మటుడు కావ్యప్రకాశమున సప్తమోల్లాసమును దోషములకే వినియోగించెను. శ్రుతికటువు, చ్యుతసంస్కృతి, అప్రయుక్తము, నిరర్థకము, గ్రామ్యము అని పదదోషములను, వాక్యదోషములను, అర్థదోషములను, రసదోషములను వేరువేరుగా లెక్కించి చూపెను. విద్యార్థిదశలో ఆ పట్టికను కంఠస్థము చేసితిని. ఉపాధ్యాయదశలో కంఠస్థము చేయించితిని. అయినను అది పరుల రచనలలో తప్పులు పట్టుటకు నాకు ఉపకరించినంతగా నా రచనలోని తప్పులు దిద్దుకొనుటకు ఉపకరింపలేదు. దీనికి కారణమేమి?

మనది నేతకులము గనుక మన మాటలలోనే చెప్పెదను. గుడ్డలోని తప్పు వేరు, చేతిలోని తప్పు వేరు. పడుగులో ఒక పోగు తెగినచో అది ఆ గుడ్డకు మాత్రమే తప్పు. పోగు అతికినచో తీరిపోవును. కాని పేకను ఒకచోట బిగించియు ఒకచోట వదలియు కొట్టు చేయి యున్నదే, దాని తప్పు ఆ నేతగాడు నేసిన ప్రతి గుడ్డలోను కనబడును. చూచిన వారందరికిని కనబడును. వానికి మాత్రము కనబడదు. ఏలయన, వానికి ఆ కొట్టుటయే సహజము. శాస్త్రమునందలి దోషములు చాలవరకు గుడ్డలోని తప్పులవంటివి. నేను చెప్పబోవునవి చేతిలోని తప్పులు. అవి మన స్వభావమునుండి పుట్టినవి. వానిని మనము దోషములని యెరుగము, పైగా ప్రేమింతుము.

ఈ చేతితప్పును గుర్తించి చికిత్స చెప్పినవాడు రాజశేఖరుడు. ఆయన వేయి సంవత్సరములకు పూర్వము కన్యాకుబ్జమునేలిన ప్రతీహార రాజుల ఆస్థానమున నుండిన కవి. ఆయన కావ్యమీమాంస చిరకాలము మరుగుపడియుండి, 1916వ సంవత్సరమున బరోడానుండి గాయక్వాడ ప్రాచ్యగ్రంథమాలలో ప్రథమ గ్రంథముగా అచ్చుపడినది. కవి స్వభావమెట్టిదో కావ్యమును అట్టిదే యగునని అందొకచోట చెప్పి, ఆ కవి దినచర్యను నాలుగు జాములుగా విభజించినాడు. మొదటిజామున విద్యాభ్యాసము, రెండవజామున రచన, భోజనానంతరము మూడవజామున గోష్ఠి. ఇక నాలుగవజామున, ఉదయము వ్రాసినదానిని ఒంటరిగానో, పరిమితులైన ఆప్తులతోనో కూర్చుండి పరీక్షింపవలెను. రసావేశముతో వ్రాయుచున్నవానికి ఆ సమయమున వివేచనాదృష్టి యుండదు గనుక ఈ మలిపరీక్ష విధింపబడినది. అందు చేయవలసిన పనులు నాలుగు: అధికమైనదానిని విడుచుట, కొరవడినదానిని పూరించుట, ఉండరానిచోట నున్నదానిని మార్చుట, మరచినదానిని జ్ఞప్తికి తెచ్చుకొనుట. తన కృతిని తానే గొప్పగా నెంచుకొనరాదనియు, పక్షపాతము గుణదోషములను తారుమారు చేయుననియు కూడ ఆయన హెచ్చరించినాడు. పద్యకవులకు చెప్పిన ఈ మాటలు నేటి కథకులకును సరిపోవును. ఆ నాలుగు పనులను వరుసగా తీసుకొందును.

అధికత్యాగము

నావంటి సంస్కృత పంతుళ్లకు సహజమైన దురభ్యాసము సమాసవ్యామోహము. నేను మొట్టమొదట వ్రాసిన కథలో మగ్గపుగుంటలో కాళ్లుపెట్టుకొని కూర్చున్న నేతగాడు భార్యను చూచి, "ప్రాణేశ్వరీ! దారిద్ర్యదావానలదందహ్యమానమైన మన గృహమున" అని ప్రారంభించెను. మా వీధిలో దాదాపు నలువది మగ్గములుండెడివి. ఏ మగ్గమువద్దను ఆ మాట వినబడియుండలేదు. అక్కడ వినబడినది "ఇంట్లో గింజలున్నయ్యా?" అను నొక్క మాటయే. ఆ యొక్క మాటలోనున్న దైన్యము నా సమాసములో లేదని గ్రహించుటకు నాకు పదునైదు సంవత్సరములు పట్టినది. ఈ ప్రసంగమును గ్రంథభాషయందే చేయుచున్నాను. ఇది నా గురువులు నాకిచ్చిన భాష, దీనిని విడువలేను. కాని కథలో పలుకువాడు నేను కాను. పాత్ర నోటిలో నా మాటను పెట్టితినేని ఆ పాత్రకున్న ఒక్కగానొక్క సొత్తును అపహరించినవాడ నగుదును.

రెండవ అధికము నీతిబోధ. బడిలో ముప్పదియేండ్లు ఉపదేశించినవానికి కథ ముగియగనే "కావున చదువరులారా!" అననిదే తృప్తి యుండదు. మన యువకులు బడిపంతుళ్లు కాకపోయినను ఈ వ్యాధి వారికిని సోకినది. త్రాగుడువలన చెడినవాని కథ వ్రాసి, చివర త్రాగరాదని వేరుగ చెప్పుదురు. కథ ఆ సంగతిని చెప్పియే యున్నచో ఉపదేశ మనవసరము. చెప్పకున్నచో ఉపదేశము దానికి బదులు కాజాలదు.

ఈ అధికమును విడుచుట ఎంత కష్టమో ఫ్రాన్సుదేశపు కథకుడు ఫ్లాబేరు చరిత్ర తెలుపును. ఆయనకు ప్రాచీన వైభవ వర్ణనలయందును, శబ్దాడంబరమునందును మితిలేని ప్రీతి. సెంటు ఆంటనీ అను తపస్వికి కలిగిన ప్రలోభములను గూర్చి పెద్ద గ్రంథము వ్రాసి, 1849వ సంవత్సరమున బూయిలే, దుకాం అను ఇద్దరు మిత్రులను పిలిచి, నాలుగు దినములలో 32 గంటలసేపు చదివి వినిపించెను. విన్నపిదప వారు మొగమోటపడక, దానిని నిప్పులో వేయుమనియు, నీ వర్ణనావేశమునకు చోటులేని సామాన్య గృహస్థుల వృత్తాంతమును తీసుకొని వ్రాయుమనియు సలహాయిచ్చిరి. ఆయన మిక్కిలి నొచ్చుకొనెను. కాని స్నేహము విడువలేదు, సలహాను త్రోసివేయలేదు. 1851లో పల్లెటూరి వైద్యుని భార్య కథను ప్రారంభించి దాదాపు ఐదు సంవత్సరములు శ్రమించి ముగించెను. మాడమ్ బోవరీ యను ఆ నవల నేటికిని లోకమంతటను చదువబడుచున్నది. ఇచట గమనింపవలసిన విశేషమొకటి కలదు. ఆయన తన ప్రీతిని చంపుకొనలేదు; దానిని అదుపులో పెట్టెను. శబ్దముపై మునుపున్న మమకారమే ఇప్పుడు ప్రతి వాక్యమును గొంతెత్తి చదివి సరిచూచుకొను శ్రద్ధగా మారినది. సెంటు ఆంటనీ గ్రంథమును సైతము మరల దిద్ది 1874లో ప్రకటించెను. కావున దురభ్యాసమును జయించుట యనగా స్వభావమును నరికివేయుట కాదు. గంజి పెట్టిన పడుగువలె దానిని సాపుచేసి పనికి తెచ్చుకొనుట.

న్యూనపూరణము

కొరతకు మొదటి కారణము త్వర. సంచికకు గడువు రేపనగా నేడు రాత్రి కూర్చుండి వ్రాయుట మనవారిలో ఆచారమైనది. ఇది మన దోషము మాత్రమే కాదు. రుషియా దేశమున చెఖోవు ఇరువదియారేండ్ల వయస్సున వైద్యవృత్తి చేయుచు, కుటుంబపోషణార్థము హాస్యపత్రికలకు మారుపేరుతో విరివిగ కథలు వ్రాయుచుండెను. 1886వ సంవత్సరమున గ్రిగరోవిచ్ అను వృద్ధరచయిత ఆయనకు జాబు వ్రాసి, నీకున్న ప్రతిభను నీవు గౌరవింపవలెననియు, తొందరపని మానుమనియు చెప్పెను. చెఖోవు ఆ జాబునకు ప్రత్యుత్తరమిచ్చుచు తన అపరాధము నంగీకరించెను. ఏ కథకును ఒక్క దినముకంటె ఎక్కువ కాలము వెచ్చించిన జ్ఞాపకము తనకు లేదనియు, తన పనిని తాను తేలికగ చూచితిననియు ఒప్పుకొనెను. వెంటనే మారెనా? లేదు. ఇంటి ఖర్చులు ఆగవు గదా! క్రమక్రమముగా కథల సంఖ్యను తగ్గించుకొనుచు, ఒక్కొక్క కథకు ఇచ్చు కాలమును పెంచుకొనుచు వచ్చెను. 1888లో "స్టెప్పీ" యను పెద్దకథ వెలువడునప్పటికి ఆయన చేయి మారిపోయినది. ఒకనాటి ప్రతిజ్ఞవలన అలవాటు పోదు. ఏ దారిని వచ్చినదో ఆ దారినే, కొంచెము కొంచెముగా, దానిని సాగనంపవలెను.

త్వర అందరికిని దోషమే యని నేను చెప్పను. విశ్వనాథ సత్యనారాయణగారు వేయిపడగలను చెప్పుచుండగా తమ్ముడు వ్రాసెననియు, అంత పెద్ద నవల కొలదికాలములోనే ముగిసెననియు ప్రసిద్ధి. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారి బహుమానమును అడివి బాపిరాజుగారి నారాయణరావుతో పాటు ఆ నవల పంచుకొన్నది. ఏండ్లతరబడి మనస్సులో వడికి పెట్టుకొన్న నూలు ఉన్నవాడు మగ్గముపై వేగముగా నేయవచ్చును. మనము నూలు లేకయే నాడె విసరుచున్నాము. ఎవరి దోషమేదో వారు తెలిసికొనవలెను గాని, ఒకరి మందును వేరొకరు త్రాగరాదు.

త్వరకు విరుద్ధమైన చికిత్స మౌనము. కాళీపట్నము రామారావుగారు వృత్తిచేత నావలెనే బడిపంతులు, విశాఖపట్టణమున పనిచేసిరి. చిన్నవయస్సునుండి కథలు వ్రాసి పేరు తెచ్చుకొన్నపిదప, తమ కథలపై తమకే అసంతృప్తి కలిగి, కొన్నియేండ్లు కలమును ప్రక్కకు పెట్టిరి. తిరిగి 1960వ దశకమున వారు వ్రాసిన కథలలో "యజ్ఞము" ఒకటి. మునుపటి కథలకును వీనికిని గల అంతరము చదివినవారికి స్పష్టమే. 1997లో శ్రీకాకుళమున కథానిలయమును స్థాపించి పరుల కథలను సైతము భద్రపరచినవారు, తమ కథలవిషయమున ఇంత నిర్దయగా నుండిరి. వ్రాయకుండుట కూడ రచయిత చేయవలసిన పనులలో నొకటియని దీనివలన తెలియుచున్నది.

కొరతకు రెండవ కారణము భయము. ఏ ఘట్టమును వ్రాయుటకు మన చేయి వణకునో, అచట "కాలచక్రము గిర్రున తిరిగినది" అని వ్రాసి దాటిపోవుదుము. అన్నదమ్ములు వేరుపడిరని చెప్పుదుము. పంపకములనాడు తల్లి ఎవరి వాటాకు వచ్చినదో చెప్పము. మన కథలలో కాలచక్రము ఎచటెచట తిరిగినదో గుర్తుపెట్టుకొని చూచినచో, మన భయముల పట్టిక మనకు దొరకును. ఆ చోటులనే మరల వ్రాయవలెను.

అన్యథాస్థిత పరివర్తనము

ఉండరానిచోట నున్నదానిని మార్చవలెననుటను నేను మొదట వాక్యముల క్రమమునకు సంబంధించిన మాటగా తలచితిని. పక్షపాతము గుణదోషములను తారుమారు చేయునన్న మాటతో దీనిని చేర్చి చదివినప్పుడు వేరొక అర్థము తోచినది. ఇది చెప్పుటకు నా కథయే చెప్పవలసియున్నది. పెద్దలు క్షమింతురుగాక.

ఇరువదియేండ్ల క్రిందట ఇట్టి సంచికయొకదానిలో నేనొక కథ ప్రకటించితిని. ఒక నేతగాడు షావుకారువద్ద నూలు అరువు తెచ్చుకొని, మజూరీలో కోతలు పడి, అప్పు పెరిగి, తుదకు మగ్గమమ్ముకొని వలసపోవును. ఆ షావుకారును పరకులస్థునిగను, పరమక్రూరునిగను చిత్రించితిని. కథకు మెప్పు వచ్చినది. ఇట్టి సభలోనే శాలువ కప్పిరి. ఆ నెలలోనే మా పినతల్లిగారిని చూడబోయితిని. ఆమెకు చదువురాదు; మనుమరాలు ఆ కథను ఆమెకు చదివి వినిపించినదట. ఆమె నాకు మజ్జిగ యిచ్చి, కొంతసేపు ఊరకుండి ఇట్లనెను:

"కథ బాగుందిరా నాయనా. మీ బాబాయి సంగతే రాశావని తెలిసిందిలే. కానీ ఆ షావుకారెవరు? మన వీధిలో అట్టాంటోడు ఎప్పుడూ లేడే! మన నూలంతా మీ పెదనాన్న కొట్లోంచే గదరా వచ్చేది?"

నేను సమాధానము చెప్పలేదు. ఆమె సత్యమునే పలికినది. మా పినతండ్రి మగ్గమును మ్రింగిన అప్పు మా పెదతండ్రిగారి ఖాతాపుస్తకములోనిది. ఆ పెదతండ్రిగారే నా బడిఫీజును, పుస్తకములవెలను కట్టినవారు. ఆయనపై కృతజ్ఞతచేత, కులముపై అభిమానముచేత, ఇంటిగుట్టు బయటపడునను సిగ్గుచేత, ఆయన దోషమును తీసికొనిపోయి, పాపము, ఎరుగని పరకులస్థుని నెత్తిన పెట్టితిని. గుణమును ఒకచోటను దోషమును మరియొకచోటను తారుమారుగా పెట్టుట యనగా ఇదియే. మమ్మటుని పట్టికలో ఏ దోషమును ఆ కథలో లేదని నేను మురిసియుంటిని.

ఈసారి ఈ సంచికకు వచ్చిన కథలలో చాలవాటియందు అదే తారుమారు కనబడినది. మనవారందరు అమాయకులు, కష్టజీవులు. మోసగించువాడు ఎప్పుడును బయటినుండి వచ్చును. బయటినుండి వచ్చిన అన్యాయము లేదని నేననను. నేతగానికి మిల్లుగుడ్డవలనను, మరమగ్గమువలనను, నూలుధరలవలనను కలిగిన నష్టము చరిత్రయందున్నది; దానిని వ్రాయవలసినదే. కాని ఇంటిలోపలి అన్యాయమును బయటివానిపై వేసి వ్రాసినచో, పరునకు అపకారము చేసినవారము. ఆ అన్యాయము ననుభవించిన మనవారికి అంతకంటె ఎక్కువ అపకారము చేసినవారము. మా పినతల్లి అడిగినది అదియే. తన దుఃఖమును కథలో వాడుకొని, దాని కారణమును మాత్రము దాచితిని.

చెఖోవు పితామహుడు భూస్వామికి బానిసగా నుండి, సొమ్ము చెల్లించి విడుదల పొందినవాడు. 1889వ సంవత్సరారంభమున ప్రకాశకునకు వ్రాసిన జాబులో చెఖోవు, అట్టి వంశమున పుట్టి, పెద్దలముందు వంగుటయే నేర్చుకొని పెరిగిన యువకుడొకడు తనలోని దాస్యమును బొట్టుబొట్టుగా పిండివేసికొన్న విధమును కథగా వ్రాయవలసినదని సూచించెను. అది తన కథయే యని చదివినవారందరు గ్రహింతురు. మనలోనున్న పక్షపాతమును అట్లే బొట్టుబొట్టుగా పిండవలసియుండును. అది ఒక్కనాటిలో పోవునది కాదు. నాకే ఇరువదియేండ్లు పట్టినది.

విస్మృతానుసంధానము

మరచినదానిని జ్ఞప్తికి తెచ్చుకొనుట నాలుగవది. నా కథలో మా పినతల్లి రెండుచోట్ల మాత్రమే కనబడును, రెండుచోట్లను ఏడ్చును. కాని నేనెరిగిన పినతల్లి తెల్లవారకముందే లేచి రాట్నము త్రిప్పెడిది, కండెలు చుట్టెడిది, పడుగుకు గంజి పెట్టునప్పుడు వీధిలో ఎండకు నిలిచెడిది, వంట చేసెడిది. ఆ పనికి మజూరీ లెక్కలో పద్దు లేదు. పద్దు లేనందున నా కథలోను ఆమె పనికి చోటు లేకపోయినది. షావుకారు మరచినదానినే నేనును మరచితిని. ఇరువురిదియు ఒకటే ఖాతాపుస్తకము!

ఈ విషయమున గురజాడ అప్పారావుగారు మనకు ఆదర్శము. కన్యాశుల్కము నాటకమే యైనను కథకులకు దానినుండి నేర్చుకొనవలసిన పాఠము కలదు. 1897లో దాని మొదటి ప్రతి అచ్చుపడి ప్రశంస లందుకొన్నది. వేరొకరైనచో అంతటితో తృప్తిపడియుందురు. ఆయన దానిని మరల విప్పి, ఇంచుమించు క్రొత్తనాటకమన్నంతగా మార్చి 1909లో ప్రకటించిరి. మొదటి ప్రతిలోకంటె రెండవ ప్రతిలో మధురవాణి ఎంతో పెరిగినది. నేడు ఆ నాటకమనగా మొదట జ్ఞప్తికి వచ్చువారిలో ఆమె యొకతె. పన్నెండు సంవత్సరముల తరువాత తన రచనను తాను తిరిగి చూచుకొని, ఇచట నేనెవరిని చాలినంతగా చూడలేదని ప్రశ్నించుకొన్న రచయితకే ఇట్టిది లభించును. 1910లో ఆయన ప్రకటించిన కథకు "దిద్దుబాటు" అని పేరుపెట్టుట యాదృచ్ఛికమే కావచ్చును. ఆ పేరు మాత్రము కథకులందరు ద్వారబంధముపై వ్రాసికొనదగినది.

భావకధర్మము

ఇంతవరకు రచయితలకు చెప్పితిని. ఇక పోషకులకును చదువరులకును ఒక మాట. దోషము రచయిత చేతిలో పుట్టినను, దానిని పెంచువారము మనమే. రాజశేఖరుడు చదువరులను, అనగా భావకులను, నాలుగు తెగలుగా చెప్పినాడు. దేనియందును రుచి లేనివాడు అరోచకి. గడ్డితోసహా అన్నియు మ్రింగువాడు సతృణాభ్యవహారి. ఓర్వలేనివాడు మత్సరి. సారమును గ్రహింపబూనువాడు తత్త్వాభినివేశి. ఈ నాల్గవవాడు వేయిమందిలో ఒకడు దొరకుట దుర్లభము. మన సంచికల విషయమున మనము రెండవ తెగవారము. మన కుర్రవాడు వ్రాసినాడన్న ప్రేమచేత గడ్డిని గింజను వేరుచేయక మెచ్చుకొందుము. నాకు కప్పిన శాలువయు అట్టిదే. ఆనాడు ఈ సభలో ఒక్కరు లేచి "ఈ షావుకారెవరు?" అని అడిగియుండినచో నాకు ఇరువదియేండ్లు కలిసివచ్చియుండెడివి. ఆ ప్రశ్న చదువురాని పినతల్లి అడిగినది. తత్త్వాభినివేశి ఆమెయే.

కావున పెద్దలకు మూడు మనవులు చేయుచున్నాను. మొదటిది: వచ్చు సంవత్సరమునుండి కథలపోటీలో రచయితల పేర్లను మరుగుపరచి పరిశీలింపజేయుడు, పరీక్షకులలో ఒకరైనను మన కులమునకు వెలుపలివారుగా నుండునట్లు చూడుడు. పని చేయువాడు చూడలేనిదానిని ఊరక చూచువాడు చూడగలడు. రెండవది: "కులప్రతిష్ఠను ఇనుమడింపజేయు కథలు" అని ప్రకటనలో పెట్టుచున్న నియమమును తీసివేయుడు. ఆ నియమమున్నంతకాలము మన యువకులు మొదటి వాక్యమునుండియే పక్షపాతమునకు అలవాటుపడుదురు. మూడవది: బహుమానమీయదగిన కథను వెంటనే అచ్చువేయక, గుణదోషములు వ్రాసి తిప్పి పంపుడు, దిద్దుకొనుటకు రెండుమాసములు గడువిండు. దిద్ది పంపినదానికే బహుమాన మిండు. శాలువకంటె ఈ గడువే రచయితకు మేలైన సన్మానము.

యువరచయితలకు చెప్పునది స్వల్పము. వ్రాసినదానిని కొన్నిదినములు మడిచి పెట్టుడు. పిదప, మీమీద ప్రేమగాని ద్వేషముగాని లేనివానిచేత చదివింపుడు. ఎవరి బ్రతుకును గూర్చి వ్రాసితిరో, వీలైనచో వారికి చదివి వినిపింపుడు. వారు మెచ్చుకొన్నప్పుడు కాక, మాటలాడక ఊరకున్నప్పుడు జాగ్రత్తగా గమనింపుడు. మీ తప్పు ఆ మౌనములో నుండును.

నా మాటకు నేనే మొదట కట్టుబడవలెను గనుక ఆ పాతకథను ఈ యేట తిరిగి వ్రాసితిని. షావుకారును మా పెదతండ్రిగా మార్చితిని. ఫీజు కట్టిన చేతినే, మజూరీలో కోతవేసిన చేతిగా చూపితిని. విచిత్రమేమనగా, మునుపు క్రూరుడుగానున్నంతకాలము ఆ పాత్రకు ప్రాణము లేదు. రెండును ఒక్కనియందే చేరినపిదప ఆయన నా యెదుట వచ్చి కూర్చున్నట్లు తోచెను. నాకు ఆయనమీద గౌరవము తగ్గలేదు. తెలివి మాత్రము కలిగినది. పినతల్లి ఇప్పుడు లేదు; ఆమెకు చదివి వినిపించు భాగ్యము నాకు లేకపోయినది.

కాని అచ్చుకు ఇచ్చుటకు ముందు మా పెదతండ్రిగారి జ్యేష్ఠకుమారునకు చదువనిచ్చితిని. ఆయన నాకంటె పెద్దవాడు. కోపించి మాటలాడుట మానునేమోయని మూడుదినములు నిద్రపట్టలేదు. నాల్గవనాడు తానే మా యింటికి వచ్చి కాగితములను చేతికిచ్చి ఇట్లనెను:

"తమ్ముడూ, వడ్డీ రూపాయిన్నర అని రాశావు. రూపాయిన్నర కాదు, రెండు. పుస్తకాలు ఇంకా మా యింట్లోనే ఉన్నయ్యి. సరిచేసుకో."

సరిచేసికొంటిని. కథను సంపాదకవర్గమువారికి అప్పగించితిని. ప్రకటించుటయు మానుటయు వారి చిత్తము. ఆయన దిద్దిన ఆ యొక్క అంకె నాకు ముప్పదియేండ్ల అలంకారశాస్త్రముకంటె ఎక్కువ నేర్పినది. మనవారు సత్యమును సహింపలేరని మనమనుకొనుట కూడ మన దురభ్యాసములలో నొకటియే కాబోలు.